లెక్కను సరిచూసే లెక్క

మన బ్లాగరులలో సాఫ్ట్‌వేరు వృత్తిలో ఉన్నవారు తక్కువేమీ కారు కనుక ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. బ్యాంకు ప్రోగ్రాములో తప్పుంటే ఖాతాదారుడు మరునాడే వచ్చి నిలదీస్తాడు. రైలు టికెట్ల ప్రోగ్రాములో తప్పుంటే ఒకే బెర్తు దగ్గర ఇద్దరు ప్రయాణికులు నిలబడతారు. గణాంక శాస్త్రపు ప్రోగ్రాములో తప్పుంటే ఎవరు వస్తారు? చాలాసార్లు ఎవరూ రారు. 0.27 రావలసిన చోట 0.41 వస్తే, ఆ అంకెను చూసి అనుమానించగల కన్ను ఎవరికీ లేదు. అసలు జవాబు తెలియకనే కదా ప్రోగ్రామును ఆశ్రయించినది! (ఈ రెండు అంకెలనూ ఊరికే వ్రాయలేదు. చివరలో మళ్ళీ వస్తాయి.)

గణాంక ప్యాకేజీలను కట్టేవారు వాటిని పరీక్షించే పద్ధతిని ఎలా నేర్చుకున్నారు, ఆ పద్ధతి నేటికీ పట్టుకోలేనిది ఏమిటి అన్నది ఈ టపాకు విషయం. నా పరిచయం ప్రధానంగా ‘ఆర్’ భాషతో కనుక కథ అటువైపే మొగ్గుతుంది. నాకొక అలవాటు ఉన్నది. కొత్త ప్యాకేజీ ఏది వాడవలసివచ్చినా ముందుగా దాని పరిచయ పత్రాన్ని కాక, పరీక్షలు దాచిన ఫోల్డరును తెరిచి చూస్తాను. రచయిత దేనికి భయపడ్డాడో అక్కడ తెలుస్తుంది. భయపడవలసిన చోట భయపడని రచయిత మీద నాకు నమ్మకం కుదరదు.

ఈ భయానికి చరిత్రలో ఒక ఆది పురుషుడు ఉన్నాడు. ఆయన ప్రోగ్రాములు కట్టినందుకు కాక, వాడి చూసినందుకు ప్రసిద్ధుడు. పేరు జె. డబ్ల్యు. లాంగ్లీ, అమెరికా ప్రభుత్వపు కార్మిక గణాంక విభాగంలో ఉద్యోగి. 1967లో అమెరికా గణాంక సంఘం పత్రికలో ఆయన ఒక వ్యాసం ప్రకటించాడు. కనిష్ఠ వర్గాల పద్ధతికి ఆనాడు ప్రచారంలో ఉన్న కంప్యూటరు ప్రోగ్రాములను వాడుకరి దృష్టితో తూచి చూడడం దాని లక్ష్యం. ఆయన ఎంచుకున్న దత్తాంశాలు చాలా చిన్నవి. 1947 నుండి 1962 వరకు పదహారు సంవత్సరాల అమెరికా ఆర్థిక లెక్కలు: ధరల సూచీ, స్థూల జాతీయోత్పత్తి, నిరుద్యోగుల సంఖ్య, సైన్యంలో ఉన్నవారి సంఖ్య, జనాభా, సంవత్సరం. ఈ ఆరింటి ఆధారంగా ఉద్యోగుల మొత్తం సంఖ్యను అంచనా కట్టే సమీకరణాన్ని రాబట్టాలి. పదహారు వరుసలు, ఆరు నిలువు గళ్ళు, అంతే.

లాంగ్లీ ఈ లెక్కను ముందుగా బల్లమీది లెక్కల యంత్రంతో, చేతితో, కావలసినన్ని అంకెలు నిలుపుకుంటూ ఓపికగా చేశాడు. ఆ పిదప అవే అంకెలను ఆనాటి పెద్ద కంప్యూటర్ల ప్రోగ్రాములకు ఇచ్చాడు. వచ్చిన జవాబులలో చాలా వరకు చేతి లెక్కతో కలవలేదు. తమలో తాము కూడా కలవలేదు. కొన్నిటి మధ్య ఒక్క అంకె పొత్తు కుదరలేదు. ఏ ప్రోగ్రామూ కూలిపోలేదు, ఏదీ హెచ్చరించలేదు. ప్రతిదీ చక్కగా గళ్ళు గీసిన కాగితం మీద, దశాంశ స్థానాలతో సహా, నిబ్బరంగా జవాబు అచ్చువేసింది.

కారణం చెప్పుకోవడం కష్టం కాదు. ఆ పదహారేళ్ళలో జాతీయోత్పత్తి, ధరలు, జనాభా, క్యాలెండరు ఇంచుమించు కలిసికట్టుగా పెరుగుతూ వచ్చాయి. దాదాపు సమాంతరంగా పోయే రెండు గీతలు ఖండించుకునే చోటును వెతకడం వంటిది ఈ లెక్క. ఒక గీత వెంట్రుకవాసి కదిలితే ఖండన బిందువు ఊరవతలకు పోతుంది. పైగా ఆనాటి ప్రోగ్రాములు పాఠ్యపుస్తకంలో ఉన్న దారినే నడిచాయి: గళ్ళలోని సంఖ్యలను ఒకదానితో ఒకటి గుణించి, మొత్తాలు కట్టి, ఆ మొత్తాలతో సమీకరణాలు సాధించడం. కాగితం మీద ఇది నిర్దుష్టమైన పద్ధతే. ఏడెనిమిది అంకెలకు మించి నిలుపుకోలేని యంత్రంలో ఆ గుణకారమే ముప్పు, ఎందుకంటే పోగొట్టుకునే అంకెల సంఖ్య దానివల్ల రెట్టింపవుతుంది. ఆ గుణకారం చేయకుండానే జవాబు చేరే దారిని జీన్ గోలబ్ 1965లోనే ప్రకటించి ఉన్నాడు. నేడు ఆర్‌లో ప్రతిగమన రేఖను గీసే ‘ఎల్ఎమ్’ అనే ప్రమేయం నడిచేది ఆ దారినే. కాని విద్వాంసుని వ్యాసంలో ఉన్న మందు వాడుకరి చేతిలోని సీసాలోకి చేరడానికి లాంగ్లీ వంటి మొండివాడు కావలసివచ్చింది.

ఆ నిలువు గళ్ళు దాదాపుగా కాక, పూర్తిగా ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటే? అప్పుడు మాత్రికకు విలోమమే ఉండదు, లెక్క ఆగిపోతుంది. ఇక్కడ మన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు గారిని తలచుకోవాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరిన రావు గారికి 1950ల నడుమ సరిగ్గా ఇటువంటి చిక్కే ఎదురైంది. హిరోషిమా, నాగసాకిల మీద పడిన అణుబాంబుల ప్రభావాన్ని అధ్యయనం చేయడానికి జపానులో సేకరించిన లెక్కలు ఆయన వద్దకు వచ్చాయి. వాటిని విశ్లేషించబోతే విలోమం లేని మాత్రిక అడ్డుతగిలింది. విలోమం చేసే పనిలో తనకు కావలసినంత మేరకు చేసిపెట్టే మరొక మాత్రికను ఆయన నిర్మించుకుని, 1955లో ‘సాంఖ్య’ పత్రికలో ఆ విశ్లేషణను ప్రకటించాడు. అదే సంవత్సరం ఇంగ్లండులో పెన్‌రోజ్ మరొక దారిలో అటువంటి భావనకే చేరాడు. పెన్‌రోజ్ విలోమం ఒక మాత్రికకు ఒక్కటే ఉంటుంది. రావు గారు 1962లో చూపినది ఏమంటే, గణాంక అవసరాలకు అంత కట్టుదిట్టం అక్కరలేదు, ఒక్క షరతును తీర్చే విలోమం ఏదైనా చాలును, అటువంటివి అనేకం ఉండవచ్చును అని.

ఇది పరీక్షల కథలో ఎందుకు వచ్చిందని అడగవచ్చు. విలోమాలు అనేకం అయితే జవాబులోని గుణకాలూ అనేకమే. రెండు ప్యాకేజీలు రెండు వేర్వేరు గుణకాల పట్టికలు ఇచ్చినా రెండూ సరైనవే కావచ్చును! ఆర్ ఇటువంటి చోట ఒక గుణకాన్ని ఖాళీగా వదిలి ‘ఎన్ఏ’ అని వ్రాస్తుంది. ‘శాస్’ దానిని సున్నాగా తీసుకుని, మాత్రికకు విలోమం లేదనీ సాధారణీకృత విలోమాన్ని వాడాననీ పట్టిక కింద ఒక మాట చేరుస్తుంది. (రావు గారు పట్టం కట్టిన పారిభాషిక పదం అలా లెక్కలేనన్ని కంప్యూటరు తెరల మీద దశాబ్దాలుగా అచ్చవుతూ వస్తున్నది. ఆయన 2023లో, నూట రెండేళ్ళ వయసులో, గణాంక శాస్త్రపు అంతర్జాతీయ బహుమతి అందుకున్న సంవత్సరంలోనే కన్నుమూశారు.) కనుక ఒక ప్యాకేజీని మరొకదానితో సరిపోల్చే పరీక్ష వ్రాసేవాడు గుణకాలను ఎదురెదురుగా పెట్టి తేడా కనిపించగానే కేకవేయరాదు. ఏ విలోమాన్ని ఎంచుకున్నా మారని రాశులు ఏవో ముందు తెలుసుకుని, వాటినే పోల్చాలి. అంచనా విలువలు, శేషాలు అటువంటివి. పరీక్ష వ్రాయడానికి ప్రోగ్రామింగు వస్తే చాలదు, శాస్త్రం తెలియాలి అని నేను అంటే కొందరు మిత్రులు నొచ్చుకుంటారు. నొచ్చుకున్నా ఇది ఇంతే.

లాంగ్లీ తరువాత కొంతకాలం ఈ విషయంలో సందడి తగ్గింది. 1985లో లీలాండ్ విల్కిన్‌సన్ దానిని మళ్ళీ రేపాడు. ‘సిస్టాట్’ అనే ప్యాకేజీని కట్టినవాడు ఆయనే. గణాంక ప్యాకేజీల కోసం ఒక ప్రశ్నపత్రం తయారుచేసి ‘స్టాటిస్టిక్స్ క్విజ్’ అని పేరుపెట్టాడు. అందులోని దత్తాంశాలు చూస్తే నవ్వు వస్తుంది, తొమ్మిదే వరుసలు. ఒక గడిలో 1 నుండి 9 వరకు అంకెలు. పక్క గడిలో 99999991 నుండి 99999999 వరకు. మరొక గడిలో కోటానుకోట్ల సంఖ్యలు, ఇంకొకదానిలో అణువంతవి. ఒక గడి నిండా సున్నాలు. ఒక గడి మొత్తం ఖాళీ. అంకెలున్న గళ్ళు అన్నీ ఒకే మెట్లమీద ఎక్కుతున్నాయి కనుక ఏ రెండింటి మధ్య సహసంబంధం లెక్కకట్టినా కచ్చితంగా 1 రావాలి. బడిపిల్లవాడు కూడా చూడగానే చెప్పగల జవాబు ఇది. పేరుగాంచిన ప్యాకేజీలు కొన్ని దీనిలో తప్పాయి. ఈ పరీక్షలోని తెలివి నాకు ఎంతో ఇష్టం. జవాబును చేతితో కష్టపడి కట్టనక్కరలేదు. ఏ మార్పు చేసినా చెక్కుచెదరకూడని లక్షణాన్ని పట్టుకుంటే చాలు.

అమెరికా ప్రమాణాల సంస్థ ‘నిస్ట్’ 1990లలో ఈ పనిని ఒక కొలిక్కి తెచ్చింది. లాంగ్లీ గారి పదహారు వరుసలతో సహా కొన్ని పదుల దత్తాంశాలను సేకరించి, ఒక్కొక్కదానికి సరైన జవాబును ధ్రువీకరించి ప్రకటించింది. సరళ ప్రతిగమనం వంటి వాటికి 500 అంకెల నిడివితో లెక్క చేసి, చివరకు పదిహేను అంకెలకు కుదించింది. లాంగ్లీ సమీకరణంలోని స్థిర పదం అందులో −3482258.63459582 అని ఉంటుంది. ఒకనాడు చేతి లెక్కే ప్రమాణం. ఇప్పుడు ప్రమాణానికి ప్రభుత్వ ముద్ర పడింది. ఆ సంచిలోని ఒక దత్తాంశం గురించి కొంచెం చెప్పాలి. పేరు ‘నమ్‌యాక్4’. అందులో 1001 సంఖ్యలు. మొదటిది 10000000.2. మిగిలినవి 10000000.1, 10000000.3 అని ఒకటి విడిచి ఒకటి. సగటు 10000000.2 అనీ, ప్రామాణిక విచలనం 0.1 అనీ కాగితం లేకుండా చెప్పవచ్చు. కాని మనం కళాశాలలో నేర్చుకున్న దగ్గరి దారి ఒకటి ఉన్నది కదా, సంఖ్యల వర్గాల మొత్తంలోనుండి సగటు వర్గాన్ని సంఖ్యల లెక్కతో గుణించి తీసివేయడం. ఆ దారిన పోతే వర్గాల మొత్తం పద్దెనిమిది అంకెల సంఖ్య అవుతుంది. యంత్రం నిలుపుకోగలిగేది దాదాపు పదహారు. తీసివేతలో మిగలవలసినది 10. ఆ పది యంత్రం పారేసిన అంకెలలోనే కొట్టుకుపోయింది!

దగ్గరి దారినే నమ్ముకున్న ప్రసిద్ధ ప్రోగ్రాము మైక్రోసాఫ్టు వారి ఎక్సెల్. బి. డి. మెక్‌కల్లో, బెర్రీ విల్సన్ అనే ఇద్దరు 1999లో ఎక్సెల్ 97ను నిస్ట్ దత్తాంశాలతో పరీక్షించి, గణాంక పనికి అది తగదని తేల్చారు. ఈ సూత్రాన్ని మైక్రోసాఫ్టు మార్చినది ఎక్సెల్ 2003లో. మధ్యలో ఎన్ని కార్యాలయాలలో ఎన్ని పట్టికలు తయారయ్యాయో ఊహించుకోవలసిందే. (మామూలు సంఖ్యలకు ఈ తప్పు బయటపడదు. పరీక్షలో చదువు తెలిసేది కఠినమైన ప్రశ్నల వల్లనే.)

ఇక ఆర్ సంగతి. దాని తల్లి ‘ఎస్’ అనే భాష 1976లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో జాన్ ఛేంబర్స్ బృందం చేతిలో పుట్టింది. న్యూజీలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్మన్ కలిసి దాని పోలికలతో ఆర్‌ను మొదలుపెట్టారు. 1993లో లోకానికి చెప్పారు. 1995లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా విడుదల చేశారు. 1.0.0 అనే అంకెను ధరించిన ఆర్ 2000 ఫిబ్రవరి 29న వెలువడింది. ఆ సంవత్సరం ఆ తేదీయే ఎన్నో ప్రోగ్రాములకు పరీక్ష అన్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

నా దృష్టిలో ఆర్ చరిత్రలో అంతకంటె ముఖ్యమైన సంవత్సరం 1997. ఆ ఏడు ఏప్రిల్‌లో వియన్నాలో కుర్ట్ హోర్నిక్, ఫ్రెడ్రిక్ లైష్ కలిసి ‘క్రాన్’ అనే భండారాన్ని తెరిచారు. మొదట అందులో ఉన్నవి పన్నెండు ప్యాకేజీలు. నేడు ఇరవై వేలు దాటాయి. ప్యాకేజీలను ఒకచోట చేర్చడం ఒక్కటే అయితే అది గిడ్డంగి అయి ఉండేది. ప్రవేశ ద్వారం దగ్గర ఒక తనిఖీని పెట్టడంతో అది ఒక సంస్కృతి అయింది. ఆ తనిఖీ పేరు ‘ఆర్ సీఎండీ చెక్’.

ఇది చేసే పని వరుసను కొంచెం చూడండి. ప్యాకేజీ మూటను విప్పుతుంది. పరిచయ పత్రంలో పేరు, లైసెన్సు, ఆధారపడిన ఇతర ప్యాకేజీలు సరిగా ఉన్నాయా చూస్తుంది. ఖాళీ చోట స్థాపించి చూస్తుంది. తరువాత చేసే పని నాకు మొదటిసారి చూసినప్పుడు వింతగా తోచింది: సహాయ పత్రాలను కోడుతో పోలుస్తుంది. ప్రమేయానికి మూడు ఆదానాలు ఉండి పత్రంలో రెండే వ్రాసినా, పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఊరుకోదు. ఆపైన సహాయ పత్రాలలో ఉదాహరణగా వ్రాసిన ప్రతి పంక్తినీ నడిపిస్తుంది. అనగా ఆర్‌లో పాఠకుని కోసం వ్రాసిన ఉదాహరణే యంత్రం కోసం వ్రాసిన పరీక్ష కూడా. పాతబడిన ఉదాహరణ ఎంతోకాలం పుస్తకంలో నిలవదు. ఆ పిదప పరీక్షల ఫోల్డరులో ఉన్నవి నడుస్తాయి. ఫోల్డరులో పాత ఫలితం దాచి ఉంటే కొత్త ఫలితాన్ని దానితో పంక్తికి పంక్తి పోల్చి తేడాలు చూపుతుంది. దీర్ఘ వ్యాసాలు ఏవైనా ప్యాకేజీతో జతచేసి ఉంటే వాటిలోని కోడును కూడా నడుపుతుంది. చివరికి తప్పులు, హెచ్చరికలు, సూచనలు అని మూడు తరగతులుగా నివేదిక ఇస్తుంది.

క్రాన్‌కు పంపిన ప్యాకేజీ ఈ తనిఖీని ఒక్క యంత్రం మీద దాటితే సరిపోదు. లినక్స్, విండోస్, మ్యాక్ మీద, ఇంకా విడుదల కాని రేపటి ఆర్ మీద కూడా దాటాలి. ఒకసారి దాటి ఊరుకుంటే కుదరదు. భండారంలో ఉన్నంతకాలం తనిఖీ మళ్ళీ మళ్ళీ జరుగుతూనే ఉంటుంది. ఒక ప్యాకేజీ మారినప్పుడు దానిమీద ఆధారపడినవాటిని కూడా పరీక్షించి, వాటి రచయితలకు ముందుగా తెలియజేయాలన్న నియమం ఉన్నది. నా ఇంటి గోడ తీసేముందు దానికి ఆనుకుని కట్టుకున్న పొరుగువానికి చెప్పాలి కదా, అటువంటిది. చెప్పిన గడువులో తప్పు దిద్దని ప్యాకేజీని పాతవాటి అటకమీదకు ఎక్కిస్తారు. ఈ కాఠిన్యం మీద విసుక్కునేవారు చాలామంది. కూలి లేని పనివారు కొద్దిమంది ఈ బరువు మోస్తున్నారని తెలిసిన నాకు విసుగు రాదు, వచ్చినా తొందరగా పోతుంది.

పరీక్షలు వ్రాసే పనిముట్లు తరువాత పెరిగాయి. హ్యాడ్లీ విక్హమ్ వ్రాసిన ‘టెస్ట్‌దట్’ 2009లో వచ్చాక, కోడు కొంచెం వ్రాయడం, వెంటనే పరీక్షించడం, పత్రాన్ని కోడు పక్కనే వ్రాసి దానిలోనుండి సహాయ పుటను పుట్టించడం, ఆఖరున పూర్తి తనిఖీ అనే చక్రం చాలామందికి దినచర్య అయింది. దీని గురించి వ్రాసినవారు అనేకులు ఉన్నారు కనుక ఇక్కడ ఆగను. ఆర్ మూల గ్రంథంలోనే ఉన్న పాత పరీక్షలు నన్ను ఎక్కువ ఆకర్షిస్తాయి. సంభావ్యతా విభాజనాలను పరీక్షించే ఫైలు ఒకటున్నది. ఒక విలువనుండి సంభావ్యతను, ఆ సంభావ్యతనుండి తిరిగి విలువను రాబడితే బయలుదేరిన చోటికే రావాలి. జవాబు ముందుగా ఎవరికీ తెలియనక్కరలేదు. విల్కిన్‌సన్ ప్రశ్నపత్రంలోని తెలివే ఇక్కడ మరో రూపంలో ఉన్నది. దిద్దిన ప్రతి తప్పుకూ, అది మళ్ళీ తలెత్తకుండా, ఏ సంచికలో ఏమి జరిగిందో వ్యాఖ్య వ్రాసి చేర్చిన ఫైళ్ళు కూడా ఉన్నాయి. వాటిని చదువుతుంటే ఊరి కరణం రాసిపెట్టిన పాత దస్త్రాలు తిరగేసినట్టు ఉంటుంది.

పరీక్షలో ‘సమానం’ అనే మాటకు అర్థం కూడా ఇక్కడ వేరు. 0.1కి 0.2 కలిపితే 0.3కి సమానమా అని అడిగితే ఆర్ కాదంటుంది. ద్వియాంశ పద్ధతిలో వీటిలో ఏదీ కచ్చితంగా ఇమడదు. (ఆర్ ప్రశ్నోత్తరాల పత్రంలో 7.31 అనే సంఖ్య గల ప్రశ్న ఇదే. ఆ అంకె చెబితే ఆర్ వాడేవారు చిరునవ్వు నవ్వుతారు.) అందుచేత పరీక్షలు ఇంచుమించు పది కోట్లలో ఒకటిన్నర వంతు వరకు తేడాను సహించి సమానమంటాయి. ఈ ఓరిమి ఎంత ఉండాలి అన్నది పరీక్షకుని వివేకం. ఎక్కువైతే తప్పు దూరిపోతుంది. తక్కువైతే యంత్రం మారినప్పుడల్లా అబద్ధపు గంట మోగుతుంది.

ఇప్పుడు 2019. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో వెలువడిన ఆర్ 3.6.0లో యాదృచ్ఛికంగా చీట్లు తీసే ‘శాంపుల్’ అనే ప్రమేయాన్ని మార్చారు. ఎందుకో చెబుతాను. ఆర్ దగ్గర చీట్లు 2ను 32 సార్లు గుణించినన్ని, అనగా సుమారు 429 కోట్లు ఉన్నాయనుకోండి. వాటిని అందులో అయిదింట రెండు వంతుల మందికి, సుమారు 171 కోట్ల మందికి, పంచాలి. మనిషికి రెండున్నర చీట్లు. చీటిని సగానికి చింపలేము కనుక పాత పద్ధతి ఒకరికి మూడు, పక్కవారికి రెండు చొప్పున పంచింది. ఫలితంగా బేసి సంఖ్యవారికి 60 శాతం, సరి సంఖ్యవారికి 40 శాతం అవకాశం దక్కింది. చెరి సగం రావలసిన చోట ఇంత తేడా! చిన్న గుంపులలో ఈ వంకర కంటికి ఆనదు కనుక ఎంతోకాలం ఎవరినీ బాధించలేదు. కొత్త పద్ధతి మిగులు చీట్లను పారవేసి మళ్ళీ తీస్తుంది.

దిద్దుబాటు న్యాయమైనదే. కాని అది రాగానే ఎన్నో ప్యాకేజీల పరీక్షలు తప్పాయి. యాదృచ్ఛిక సంఖ్యలకు ఒక ఆరంభ బీజం నాటితే ప్రతిసారీ అదే వరుస వస్తుందన్న ధీమాతో, ఆ వరుస నుండి వచ్చిన జవాబును రచయితలు పరీక్షలో నమోదు చేసి పెట్టుకున్నారు. వరుస మారింది, జవాబు మారింది. కొందరు కొత్త జవాబును మళ్ళీ నమోదు చేసుకున్నారు. మరికొందరు పరీక్షల మొదట్లో ఒక పంక్తి చేర్చి, పాత ఆర్ 3.5.0 ఎలా చీట్లు తీసేదో అలాగే తీయమని అడిగారు. పరీక్షల పేరిట మనం రెండు వేర్వేరు ప్రశ్నలు అడుగుతున్నామని అప్పుడు బయటపడింది: జవాబు నిన్నటిలాగే ఉందా అన్నది ఒకటి, జవాబు సరిగా ఉందా అన్నది మరొకటి. మొదటిది వ్రాయడం సులభం. ఈ రోజు వచ్చినదాన్ని నకలు తీసి అంటిస్తే అయిపోతుంది. రెండవదానికి లాంగ్లీ చేతి లెక్కో, నిస్ట్ ముద్రో, విల్కిన్‌సన్ తెలివో కావాలి. నేను తెరిచి చూసిన పరీక్షల ఫోల్డర్లలో మొదటి రకమే ఎక్కువగా కనిపించింది.

మొదట్లో వ్రాసిన రెండు అంకెల సంగతి మిగిలింది. గాలిలోని సన్నని ధూళికీ మరణాలకూ గల సంబంధాన్ని కనుగొనడానికి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు అమెరికాలోని 90 పెద్ద నగరాల లెక్కలను విశ్లేషించారు. ఘనపు మీటరు గాలిలో ధూళి పది మైక్రోగ్రాములు పెరిగితే మరణాలు 0.41 శాతం పెరుగుతాయని తేలింది. గాలి నాణ్యతకు ప్రభుత్వం హద్దులు నిర్ణయించేవేళ ఇటువంటి అంచనాలే ఆధారం. ఈ లెక్కకు వారు వాడినది ‘ఎస్-ప్లస్’ అనే వాణిజ్య ప్యాకేజీలోని ‘గామ్’ ప్రమేయం. అది ఒక్క అడుగులో జవాబు చేరదు. అంచనాను కొంచెం కొంచెం సవరించుకుంటూ పోయి, ఇక మార్పు వెయ్యిలో ఒక వంతుకు లోపే ఉన్నదనుకున్నప్పుడు ఆగుతుంది. ఎక్కడ ఆగాలో వాడుకరి చెప్పకపోతే వర్తించే గడప అది. మామూలు లెక్కలకు అది చాలు. ధూళి ప్రభావమే శాతంలో సగం కూడా లేని చోట, వాతావరణపు మార్పులు దానితో అల్లుకుని ఉన్న చోట, ప్రోగ్రాము గమ్యం చేరకముందే చేరానని చెప్పి కూర్చున్నది.

2002లో ఫ్రాన్సెస్కా డొమినిచి, ఆమె సహచరులు ఈ సంగతిని తామే కనిపెట్టి, తామే ప్రకటించారు. గడపను బాగా కఠినం చేస్తే 0.41 కాస్తా 0.27 అయింది. మరొక పద్ధతిలో వక్రరేఖలను అమర్చి చూస్తే 0.21 వచ్చింది. అమెరికా పర్యావరణ సంస్థ చొరవతో అదే ప్రమేయాన్ని వాడిన ఇతర పరిశోధకులు కూడా తమ లెక్కలు తిరగదోడారు. ఆ ఫలితాలు 2003లో ఒక సంపుటంగా వచ్చాయి. ధూళికీ మరణాలకూ సంబంధం ఉన్నదన్న నిర్ణయం నిలిచింది. దాని పరిమాణం తగ్గింది. పరిశ్రమల పక్షం వారు ఈ అవకాశాన్ని వదులుకోలేదని వేరే చెప్పనక్కరలేదు.

నేను ఈ ఉదంతాన్ని చదివిన ప్రతిసారీ వేసుకునే ప్రశ్న ఒకటే: ఏ పరీక్ష దీనిని పట్టుకునేది? కోడులో దోషం లేదు. ప్రమేయం తన సహాయ పత్రంలో చెప్పిన పనినే చేసింది. నిన్నటి జవాబే ఈ రోజూ ఇస్తుంది. నేటి తనిఖీకి పంపినా ఒక్క సూచన లేకుండా దాటిపోగలదు. జవాబు ముందే తెలిసిన కృత్రిమ దత్తాంశాలను, అదీ ఇటువంటి సన్నని ప్రభావాన్ని ఇటువంటి చిక్కుముడిలో దాచిపెట్టి తయారుచేసినవాటిని ఇచ్చి చూసినవాడికే ఇది దొరుకుతుంది. అటువంటి పరీక్ష వ్రాయాలంటే ప్యాకేజీ రచయితకు ధూళి గురించి తెలియాలి, లేదా ధూళి గురించి తెలిసినవాడు గడప గురించి అడగాలి.

ఆ ‘గామ్’ పేరుతోనే నేడు ఆర్‌లో ట్రెవర్ హేస్టీ ప్యాకేజీ ఉన్నది. ఎస్‌లో ఆ ప్రమేయాన్ని మొదట వ్రాసినవాడు కూడా ఆయనే. ‘గామ్.కంట్రోల్’ అనే సహాయ పుట తెరిస్తే వాడుకరి ఏమీ చెప్పనప్పుడు వర్తించే గడప కనిపిస్తుంది: కోటిలో ఒక వంతు.